గోపురం కనబడే మూలకొట్టు

ఏప్రిల్ 18

తుక్తా వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 19

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పుస్తకం మూసేశాను. ఇవాళ కూడా రాయకపోతే ఎవరో ఒకరి మీద అరిచేలా ఉన్నాను.

నీళ్ళ పండుగ మూడు రోజులూ మా కొట్టు ముందు చెప్పులు విడవడానికి కూడా చోటు లేదు. నేనూ, తుక్తా, తండార్ ముగ్గురం నిలబడే తిన్నాం. బ్యాంకాక్‌లో దిగిన ప్రతి ఆడపిల్లకీ పైట వేసుకుని, గోచీ పోసిన పట్టు కట్టుకుని, అరుణ గుడి గోపురం ముందు రాకుమారిలా నిలబడాలి. బట్ట కట్టేది నేను. నగలు పెట్టేది తుక్తా. కొప్పు వేసేది తండార్. అంత రద్దీ దాటించి, చివరి పైట ఉతికి ఆరేశాక, నిన్న పొద్దున తుక్తా తాళంచెవులు తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

“పాయక్కా, నేను సొంతంగా పెట్టుకుంటున్నాను.”

“ఏం పెట్టుకుంటావ్?”

“కొట్టు.”

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. “ఎక్కడో?”

అది నేలచూపులు చూసింది. “మూలమీద ఇల్లు.”

మూలమీద ఇల్లు! మా సందులో గుడి గేటుకి ముందు ఆఖరి ఇల్లు. దాని మేడ వరండాలో నిలబడితే గోపురం పాదం నించి కొన దాకా కనబడుతుంది, మధ్యలో ఒక్క కరెంటు తీగ అడ్డు లేకుండా. అందులో ఉండే చెప్పులాయన ఖాళీ చేస్తే మనం తీసుకుందాం అని నాలుగేళ్ళుగా తుక్తాతో చెబుతున్నది నేను. మనం తీసుకుందాం అన్నాను. మనం.

“పండగ ముందే చెప్పుంటే నువ్వు ఇబ్బంది పడతావని ఆగానక్కా” అంది.

అంటే నా మీద దయ అన్నమాట.

తొమ్మిదేళ్ళ క్రితం ఈశాన్యం పల్లెల నించి వచ్చినప్పుడు దానికి సూదిలో దారం ఎక్కించడం రాదు. జరీ పైటకి కుచ్చిళ్ళు వేలి గోటితో నొక్కి ఎలా నిలపాలో, లావుపాటి వాళ్ళకి వడ్డాణం ఎక్కడ పెడితే నడుము కనిపిస్తుందో, ఏడ్చే పెళ్ళికూతురికి ముందు మంచినీళ్ళివ్వాలో అద్దం ఇవ్వాలో, అన్నీ నేనే నేర్పాను. కూతుర్లా చూసుకున్నాను.

ఏప్రిల్ 24

తొమ్మిదిమంది భిక్షువుల్ని పిలిచి మూలకొట్టు తెరిచింది. నన్నూ పిలిచింది. వెళ్ళలేదు.

పక్కన ఐస్ కాఫీ అమ్మే పెన్‌సీ పిన్ని వెళ్ళొచ్చి, అడక్కుండానే అన్నీ చెప్పింది. “అద్దం గోడంత ఉందే. మేడ మీద ఏసీ కూడా పెట్టింది. మెట్ల పక్కన తామరపూల కుండీలు. అయినా నువ్వేం దిగులు పడకులే, నీ కొట్టు నీదే.”

“నేనెందుకు దిగులు పడతాను?”

“నేనూ అదేగా అంటున్నది.”

బోర్డు మీద ‘తుక్తా, అసలైన రాజదుస్తులు’ అని రాయించిందట. అసలైనవట. మరి నావి?

ఏప్రిల్ 29

ఎండ కాల్చేస్తోంది. ఇవాళ ఆరుగురు. ఇదే రోజు పోయినేడు ముప్ఫైకి తక్కువ రాలేదు.

పడవ దిగినవాళ్ళు ఫోను చూసుకుంటూ నా గుమ్మం ముందు నించే మూలకొట్టుకి పోతారు. అక్కడ నించి రాకుమార్తెలై బయటికొచ్చి గేటు దగ్గర ఆ రాక్షస విగ్రహాల మధ్య నిలబడి ఫొటోల కోసం నోళ్ళు ముడుచుకుంటారు. ఒక్కళ్ళయినా ఆ గోపురం ఎవరు కట్టారని అడిగిన పాపాన పోలేదు. పింగాణీ పువ్వుల్ని వేలితో తాకి చూసినవాళ్ళు లేరు. పొద్దస్తమానం దానికి వీపు చూపిస్తారు. నేనూ అంతే. ఇరవయ్యారేళ్ళుగా దాని నీడలో బతుకుతూ ఎన్నడైనా తలెత్తి చూశానా? ఇప్పుడు మాత్రం చూస్తున్నాను. మూలకొట్టు వైపు చూడాలంటే అది అడ్డం వస్తుంది మరి.

మే 3

తండార్ ఉంది. అదొక్కటే ఊరట.

తండార్ బర్మా పిల్ల. పిల్లంటే ముప్ఫై నాలుగేళ్ళు. నా దగ్గర ఏడేళ్ళు. సర్కారు ఇచ్చిన పని కార్డు మీద దాని పని ‘బట్టలు ఉతుకుట, ఊడ్చుట’ అని ఉంటుంది. యజమాని పేరు నాది. పరాయి దేశం వాళ్ళు ఇక్కడ జుట్టు పని చేయకూడదు. అది సందంతటికీ తెలుసు. ఖాకీ చొక్కా ఏదైనా కనిపిస్తే దువ్వెన పడేసి బకెట్టు పట్టుకుంటుంది. కానీ ఆ చేతులు! ఎంత పలచటి జుట్టయినా దాని చేతిలో పడితే గుప్పెడు కొప్పు అవుతుంది. పిన్నులు ఎక్కడ పెట్టిందో వెతికినా కనబడవు.

మూడేళ్ళ క్రితం మా ఆయన మంచాన పడ్డప్పుడు నాకు వాంతులొచ్చి పక్కకి తప్పుకుంటే, ఆయన ఒళ్ళు తుడిచి పక్కబట్టలు మార్చింది తండారే. జానపద నాటకాల్లో నలభయ్యేళ్ళు రాజు వేషం కట్టిన మనిషి. చివర్లో ఆయన నోట్లో నీళ్ళు పోసింది కూడా ఆ పిల్లే.

దానికి జీతం పెంచాలి. వచ్చే నెల చూద్దాం.

మే 9

తండార్ కూడా.

మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పింది. ముద్ద కలుపుతూ చెప్పింది. “తుక్తా రమ్మంటోంది అక్కా. ఎక్కువిస్తానంది.”

నేను చేప ముల్లు తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

“అక్కడ మా తమ్ముణ్ణి సైన్యంలోకి లాక్కుపోయేలా ఉన్నారు. ఇవతలికి తెచ్చుకోవాలి. దానికి ఖర్చవుతుంది. నిన్ను అడగబుద్ధి కాలేదు. కొట్టు ఇలా ఉన్నప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?” అని ఏడ్చింది. ఏడుస్తూనే నా పళ్ళెంలో కూర వేసింది.

“వెళ్ళు. మంచిదేగా” అన్నాను. నవ్వాను కూడా.

“కార్డు మీద యజమాని పేరు మార్చాలట. నువ్వొక సంతకం పెట్టాలట.”

“చూద్దాంలే.”

మే 13

తండార్ కాగితం పట్టుకొచ్చింది. కళ్ళజోడు కనిపించడం లేదన్నాను.

మే 18

మళ్ళీ వచ్చింది. నా కోసం మామిడిపండు, బెల్లం పాకం పోసిన అన్నం తెచ్చింది. పనిలో ఉన్నాను, వచ్చేవారం రమ్మన్నాను. కొట్టులో అప్పుడు ఈగ కూడా లేదు. అది ఖాళీ కుర్చీలు చూసింది, నా మొహం చూసింది, “సరే అక్కా” అని వెళ్ళింది.

సంతకం పెట్టనని అనలేదు కదా.

మే 21

కూరలకని బయల్దేరి మూలకొట్టు వైపు నడిచాను. దారి అదే మరి.

మేడ వరండాలో తండార్ ఎవరికో కొప్పు వేస్తోంది. వెనక గోపురం ఎండలో తళతళలాడుతోంది. అచ్చం నేను నాలుగేళ్ళుగా అనుకున్న చోటే కుర్చీ వేసింది తుక్తా. నేను అనుకున్న వైపుకే తిప్పి వేసింది. ఫొటోలు తీసే ఎక్ రెయిలింగ్‌కి ఆనుకుని, ఒక పూట ముగ్గురు కస్టమర్లని ఆలస్యం చేశావంటూ తండార్‌తో గొడవ పడుతున్నాడు. అది తిరిగి ఏదో అంది. అందరూ ఘొల్లుమన్నారు. కింద ఇద్దరు కొత్తపిల్లలకి తుక్తా కుచ్చిళ్ళు నేర్పుతోంది. “గోటితో... గోటితో నొక్కాలి. వేలితో కాదు.”

అది నా మాట. నా గొంతు కూడా.

పైకి చూశాను. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నన్ను చూసి కాకపోవచ్చు.

మే 22

వైశాఖ పౌర్ణమి. సాయంత్రం గుడికెళ్ళి అందరితో పాటు కొవ్వొత్తీ తామరమొగ్గా పట్టుకుని మూడు ప్రదక్షిణాలు చేశాను. మనసు కుదుటపడింది.

మే 23

కార్మిక ఆఫీసులో ఫారం ఇచ్చి వచ్చాను.

పనిమనిషి మానేస్తే యజమాని పదిహేను రోజుల్లోగా తెలియజేయాలి. ఇవాళ పద్నాలుగో రోజు. తెలియజేయకపోతే రేపు నా మీదికొస్తుంది. నా కొట్టు, నా పేరు నేను కాపాడుకోవద్దూ? అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. అయిదు నిమిషాల్లో పనైపోయింది.

మే 24

నెల రోజుల తర్వాత రాత్రి కంటినిండా నిద్ర పట్టింది.

జూన్ 4

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండు గంటల వేళ. తుక్తా కొట్టుకి ఒకావిడ మామూలు బట్టల్లో వచ్చి కొప్పు వేయమందట. తండార్ కూర్చోబెట్టి నూనె రాసి, పాయలు తీసి, కొప్పు వేసి, పైన మల్లెమొగ్గల దండ చుట్టిందట. ఆవిడ అద్దంలో చూసుకుని చాలా బాగుందని చెప్పి, లేచి నిలబడి సంచిలోంచి గుర్తింపు కార్డు తీసిందట. ఇద్దరు మగవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారట. ఇదంతా పెన్‌సీ పిన్ని చెప్పింది. నేను చూసింది తర్వాతది.

సందులో ఆ ముగ్గురి మధ్య తండార్ నడిచొస్తోంది. ఆ ఆఫీసరు కొప్పులో తండార్ పెట్టిన పూలు అలాగే ఉన్నాయి. తండార్ చేతులకి నూనె ఉంది, తుడుచుకోవడానికి ఏమీ లేక వేళ్ళు విడదీసి పట్టుకుని నడుస్తోంది. నేను గుమ్మంలో ఉన్నాను. లోపలికి పోదామనుకున్నాను, అప్పటికే దగ్గరికొచ్చేసింది.

నన్ను చూసి ఆగింది. “అక్కా, గదిలో బియ్యం నానబెట్టొచ్చాను. సాయంత్రానికి పులిసిపోతాయి. తీసేయవా? తాళంచెవి బయట పొయ్యి కింద ఉంది.”

“తీస్తాను” అన్నాను.

పడవ రేవు దాటి రోడ్డు మీద తెల్లబండి ఎక్కించారు.

గదికి వెళ్ళాను. కాలవ పక్కన చెక్క గది. బియ్యం పారబోసి గిన్నె కడిగి బోర్లించాను. గోడకి తమ్ముడి ఫొటో, చిన్న బుద్ధుడు, మా ఆయన రాజు వేషంలో ఉన్న కాగితం బొమ్మ. అది దాని దగ్గరుందని నాకు తెలీదు.

జూన్ 5

మూలకొట్టు తెరిచే ఉంది. తుక్తా జరిమానా కట్టేసింది. పొద్దున్నే కుండీలకి నీళ్ళు పోస్తోంది. దానికేం కాలేదు. దానికి ఏమీ కాలేదు!

జూన్ 7

సందులో అంతా ఎక్ పేరే చెబుతున్నారు.

“వాడేనమ్మా” అంది పెన్‌సీ పిన్ని, గ్లాసులోకి ఐసు దంచుతూ. “మొన్న మేడ మీద గొడవ పడలా? వాడి కడుపులో ఉంది. ఫోను కొట్టి ఉంటాడు. ఎంత నీచుడో చూడు, అన్నం తినే పిల్ల నోట్లో మట్టి కొట్టాడు. నువ్వేమంటావ్?”

“ఏమో పిన్నీ.”

“ఏమో ఏంటే! మొహం చూస్తే తెలియడంలా?”

తలూపాను. అలా అంటే తలూపక ఏం చేస్తాం?

జూన్ 10

ఎక్ సామాను సర్దుకుని అవతలి ఒడ్డుకి, పడుకున్న బుద్ధుడి గుడి వైపు వెళ్ళిపోయాడు. ఇక్కడ వాడితో ఎవరూ మాట్లాడడం లేదట. కాఫీ కూడా పోయలేదట పిన్ని. పడవెక్కుతూ రేవులో అందరికీ వినబడేలా “నేను కాదు, నా తల్లి మీద ఒట్టు” అన్నాడు.

జూన్ 11

తండార్‌ని చూసొచ్చాను. పరాయి దేశాల వాళ్ళని పంపేముందు ఉంచే చోటది. వేపిన చేప, జిగురన్నం, సబ్బు, రెండు చొక్కాలు పట్టుకెళ్ళాను. వంటంతా పొద్దున నేనే చేశాను.

రెండు ఇనప కంచెలు. మధ్య ఒక మనిషి పడుకునేంత ఖాళీ. ఇటు మేము, అటు వాళ్ళు. ఇటు ముప్ఫైమంది, అటు ముప్ఫైమంది, అందరూ ఒకేసారి మాట్లాడాలి. మాట్లాడడం కాదు, కేకలు. పక్కనెవరో నల్లజాతి ఆవిడ ఏడుస్తూ పాటలాగా ఏదో అరుస్తోంది. చేప, అన్నం కాపలావాళ్ళు తీసుకుని అటు ఇస్తారు.

తండార్ జుట్టు కత్తిరించుకుంది. వేడికట. మొహం చిన్నదైపోయింది.

“అక్కా! వచ్చావా!” అని అరిచింది. నవ్వింది. “నువ్వొక్కదానివే వచ్చావు!”

“తుక్తా?”

“డబ్బు పంపింది! మనిషి రాలేదు! బియ్యం తీశావా?”

“తీశాను!”

“ఎక్ చేశాడటగా! వాడికి పాపం తగలదా అక్కా?”

వినబడనట్టు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాను. బాగానే వినబడింది.

జూన్ 12

ఫారంలో అయిదు గళ్ళే ఉన్నాయి. పనిమనిషి పేరు, కార్డు నంబరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, యజమాని సంతకం. ఇప్పుడెక్కడ పనిచేస్తోంది అనే గడి లేదు. ఏ పని చేస్తోంది అనే గడి కూడా లేదు.

గుమాస్తా అడగలేదు. ముద్ర కూడా వేసేశాడు. నేను లేచి, మళ్ళీ కూర్చుని, “ఆ పిల్ల అరుణ గుడి మూలకొట్టులో ఉందండీ, జుట్టు పని చేస్తోంది, మేడ మీద, పదీ పదకొండు మధ్య వెళ్తే కనబడుతుంది” అని చెప్పాను.

తుక్తాని పట్టుకుంటారనుకున్నాను. దాని కొట్టు మూయిస్తారనుకున్నాను. నా కళ్ళ ముందు ఉన్నది తుక్తా ఒక్కతే.

అబద్ధం. మేడ మీద ఎవరుంటారో నాకు తెలుసు.

జూన్ 18

వాన మొదలైంది. మధ్యాహ్నం గొడుగు మూసుకుంటూ తుక్తా వచ్చింది. రెండు నెలల తర్వాత మా గుమ్మం తొక్కింది. లోపలికొచ్చి తన పాత స్టూలు మీదే కూర్చుంది. తగిలించి ఉన్న పైటలు చూసింది. “ఈ పచ్చది ఎండకి వెలిసిపోయిందక్కా, బయట వేలాడదీయకు.”

“నాకు చెప్పేంత దానివయ్యావా?”

“అయ్యాను. నువ్వే చేశావు.” కాసేపు గొడుగు కొనతో నేల మీద నీళ్ళు గీసింది. “ఎక్‌ని అందరూ తిడుతుంటే నువ్వు తలూపావట.”

“అందరూ అంటున్నారు కదా.”

“జరిమానా కట్టించుకునేటప్పుడు ఆ కాగితం బల్ల మీదే ఉంది అక్కా. నీ సంతకం నేను గుర్తుపట్టనా? తొమ్మిదేళ్ళు నీ రసీదులన్నీ దాచింది నేనేగా. చివర తోక ఎప్పుడూ పైకి తిప్పుతావు.”

కుట్టుమిషను చక్రం పట్టుకున్నాను. అది తిరిగింది. సూది ఊరికే కిందికీ మీదికీ కదిలింది.

“అది చట్టం...” అన్నాను.

“చట్టమే. నేను తప్పు కాదన్నానా? దానితో జుట్టు పని నేనూ చేయించాను, నువ్వూ ఏడేళ్ళు చేయించావు. నా మీద కోపమైతే నా మొహాన ఉమ్మాల్సింది. పడేదాన్ని.”

“నువ్వు చేసింది ఏంటి మరి? నా మూలకొట్టు, నా కుచ్చిళ్ళు, నా మనిషి! కూతుర్లా చూశాను నిన్ను!”

“చూశావు. కూతురికి జీతమెందుకు, వాటా ఎందుకు అని కూడా అనుకున్నావు.” దాని గొంతు పెరగలేదు. అదే నాకు ఇంకా మండింది. “వాటా ఇస్తానని మూడుసార్లు అన్నావు. మీ ఆయన పోయినప్పుడొకసారి. పోయినేడు పండక్కి ఒకసారి. నాకు జ్వరమొచ్చినప్పుడు ఒకసారి. నాలుగేళ్ళు మనం, మనం అన్నావు. చెప్పులాయన జనవరిలోనే ఖాళీ చేస్తానని నీతో అన్నాడటగా? నాతో చెప్పావా?”

చెప్పలేదు. చెబితే వాటా మాట ఎత్తుతుందని చెప్పలేదు. ఈ సంగతి ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

లేచి గొడుగు విదిలించింది. అప్పుడడిగాను. “తండార్‌కి చెప్పావా?”

“లేదు.”

“ఎందుకు?”

“దానికి ఈ ఊళ్ళో అక్క అని ఉన్నది నువ్వొక్కదానివే. వెళ్ళిపోయేదాని దగ్గర అది కూడా లాక్కోవడం ఎందుకు?” గుమ్మం దగ్గర ఆగింది. “ఎక్‌ని మాత్రం నేను వెనక్కి పిలుస్తున్నాను. ఎవరేమనుకున్నా సరే.”

నన్ను దోచుకున్న మనిషి నాకంటే మంచిదిగా కనబడి వెళ్ళిపోయింది. దానికి అది కూడా దక్కింది.

జూన్ 20

వాన. ఇద్దరు.

జూన్ 21

వాన.

జూన్ 25

ఎల్లుండి పంపేస్తారట. చెప్పాలని వెళ్ళాను. ఈసారి వంటేమీ పట్టుకెళ్ళలేదు, చేతిలో చేప పెట్టి చెబితే లంచంలా ఉంటుందనిపించింది. పడవలో, బస్సులో, ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. ‘తండార్, నీ దగ్గరొక మాట దాచాను.’ ‘తండార్, ఎక్ కాదు.’ గుసగుసలాడే మాటలు ఇవి. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పేవి.

అక్కడ గుసగుస కుదరదు. ఇవాళ జనం ఇంకా ఎక్కువ. తండార్ కంచె పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది.

“ఎల్లుండి అక్కా! సరిహద్దు దాకా బస్సు!”

“తమ్ముడు?”

“అడవి వైపు వెళ్ళాడట! కబురు లేదు!”

అప్పుడు కంచె రెండు చేతులా పట్టుకుని అరిచాను. “తండార్! వాళ్ళకి చెప్పింది నేను! ఎక్ కాదు! నేనే చెప్పాను!”

నా పక్కనున్న ముసలాయన తిరిగి చూశాడు. థాయి తెలిసినవాడు. నన్ను పైనించి కిందిదాకా చూసి, కాస్త పక్కకి జరిగాడు.

తండార్ కళ్ళు చిట్లించింది. చెవి కంచెకి ఆనించింది. “ఏంటీ? వినబడలా అక్కా! మళ్ళీ చెప్పు!”

మళ్ళీ చెప్పాలి. ముసలాయన వింటున్నాడు. కాపలా ఆవిడ వింటోంది. తండార్ చెవి నాకేసి పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తోంది.

“ఒళ్ళు జాగ్రత్త అన్నాను!” అని అరిచాను. “వెళ్ళగానే ఫోను చెయ్యి అన్నాను!”

“అలాగే అక్కా!” అని చెయ్యూపింది.

జూన్ 26

చెప్పాను. ఒకసారి చెప్పాను. వినబడకపోతే నేనేం చేయను?

జూన్ 27

బస్సు ఇవాళ బయల్దేరి ఉంటుంది.

చెప్పిన మాట నిజమే కదా. ముసలాయన కూడా విన్నాడు.

జూలై 2

ఎక్ తిరిగొచ్చాడు. నా కొట్టు ముందు నించి వెళ్తూ “బావున్నావా పాయక్కా” అన్నాడు. తుక్తా వాడికి చెప్పలేదు. వాడి వెనక పెన్‌సీ పిన్ని “సిగ్గులేని వెధవ” అని ఐసు మీద గట్టిగా కొట్టింది.

“వాడు కాదు పిన్నీ” అన్నాను.

“నీకెలా తెలుసు?”

“తెలుసు.”

రోకలి పైకెత్తి అలాగే ఉండిపోయింది. నేను లోపలికి వచ్చేశాను. పొద్దున్నించీ ఆవిడ నాకు కాఫీ పంపలేదు. రేపటికి సందంతటికీ తెలిసిపోతుంది. తెలియనీ.

జూలై 7

మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు. తండార్.

సరిహద్దు ఊళ్ళో ఉందట. టీకొట్టులో గిన్నెలు కడుగుతోందట. తమ్ముడి కబురు ఇంకా లేదట. అవతల లారీ హారన్లు మోగుతున్నాయి. నా కొట్టు ఎలా ఉంది, మోకాలి నొప్పి ఎలా ఉంది, అన్నీ అడిగింది.

“అక్కా, ఒకటి అడుగుతాను, తిట్టకు. ఆ రోజు కంచె దగ్గర నువ్వేదో అరిచావు చూడు, మొదటిసారి. నాకు వేరేలా వినబడింది. బస్సులో పది గంటలూ అదే ఆలోచించాను. నాకు థాయి సరిగ్గా రాదు కదా. తప్పుగా విన్నానంతే కదక్కా?”

నా ఎదురుగా అద్దం ఉంది. అందులో నేను ఫోను పట్టుకుని ఉన్నాను. నోరు తెరుచుకుని ఉంది.

“తప్పుగానే విన్నాను కదా?” అంది మళ్ళీ. బతిమాలుతున్నట్టు అంది.

“సరిగ్గానే విన్నావు” అన్నాను.

ఫోను పెట్టేసిందనుకున్నాను. లేదు. ఊపిరి వినబడుతోంది. ఎవరో దాన్ని బర్మా మాటలో పిలిచారు, గిన్నెలకనుకుంటా.

“క్షమించమని అడగను...” అని మొదలుపెట్టాను.

“తిరిగి రమ్మని అడగాల్సింది అక్కా” అంది. ఏడవడం లేదు. మామూలుగా అంది, అన్నం దగ్గర మాట్లాడినట్టు. “ఒక్కసారి అడిగుంటే వచ్చేసేదాన్ని. రెండుసార్లు సంతకానికి వచ్చినప్పుడు నువ్వు అడుగుతావేమోనని కాసేపు నిలబడ్డాను.”

తర్వాత ఫోను ఆగిపోయింది. నేను పదకొండుసార్లు చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదని ఆడగొంతు చెబుతోంది.

జూలై 8

పనిచేయడం లేదు.

జూలై 11

పనిచేయడం లేదు.

జూలై 16

ఇవాళ తైవాన్ పిల్ల ఒకతి వచ్చింది. మూలకొట్టు నిండిపోయి ఉందట, అందుకని వచ్చింది. ఫోనులో మాట్లాడితే అది మా భాషలోకి మార్చి చెబుతుంది. గులాబీ రంగు పైట వద్దంది. గుమ్మం పక్కన గోడకి ఉన్న పెద్ద ఫొటో చూపించి, అలాగే కావాలంది. పచ్చ పైట, జరీ అంచు, నున్నగా కొప్పు, వెనక గోపురం. ఏడేళ్ళ క్రితం మా ఆయన తీసిన ఫొటో అది. కస్టమర్లు లేని పూట తండార్‌ని కూర్చోబెట్టి నేనే కట్టాను, కొప్పు తనే వేసుకుంది. అప్పటినించీ మా కొట్టు బోర్డు అదే. ఆ ఫొటో చూసే జనం లోపలికొచ్చేవాళ్ళు.

పైట కట్టాను. నగలు పెట్టాను. కొప్పు దగ్గర చిక్కొచ్చింది. మూడుసార్లు విప్పి వేశాను. పిన్నులు బయటికి కనబడుతున్నాయి. పాపం ఆ పిల్ల మెడ నొప్పెట్టినా ఓర్చుకుంది. అద్దంలో ఫొటోకేసి చూస్తూ ఫోనులో ఏదో అంది. ‘ఫొటోలో ఉన్న అమ్మాయి ఇవాళ రాలేదా?’ అని పలికింది ఫోను.

“లేదు” అన్నాను.

‘ఎక్కడికి వెళ్ళింది?’

ఫోను నా నోటి దగ్గర పెట్టింది. దాని తెర మీద చిన్న గీత కదులుతోంది, నా మాట కోసం.

“నేనే పంపించేశాను” అన్నాను.

అది చైనా మాటలో ఏదో పలికింది. ఏం పలికిందో నాకు తెలీదు. ఆ పిల్ల విని, ఊరికెళ్ళిందనుకుందో ఏమో, నవ్వి తలూపింది. చెప్పులు వేసుకుని, గోచీ కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని, వాన నీళ్ళు తప్పించుకుంటూ గుడి వైపు పరిగెత్తింది.

కొప్పు గోపురం దాకా నిలిచిందో లేదో.